ఫైల్ ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫార్మాట్ మారిపోతుందా? ఎప్పుడు రీనేమ్ చేయాలి, ఎప్పుడు కన్వర్ట్ చేయాలి

ఉద్యోగం అప్లికేషన్‌కి అదే ఆఖరి రోజు. ఫారం అంతా నింపేశారు. ఫోటో అప్‌లోడ్ దగ్గరకు వచ్చేసరికి సైట్ మొండికేసింది. జేపీజీ ఫైల్ మాత్రమే తీసుకుంటానంటోంది. మీ ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి తెచ్చుకున్న ఫోటో చూస్తే చివర హెచ్‌ఈఐసీ అని ఉంది. పక్కనున్న ఫ్రెండ్ "దానికేముంది, రీనేమ్ కొట్టి చివర జేపీజీ అని పెట్టెయ్" అంటాడు. పెట్టేస్తారు. ఐకాన్ కూడా మారిపోతుంది. హమ్మయ్య అనుకుని అప్‌లోడ్ చేస్తే మళ్లీ అదే ఎర్రర్.

ఇందులో ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. కొన్ని ఫైల్స్‌కి నిజంగానే ఎక్స్‌టెన్షన్ మారిస్తే చాలు. మరికొన్నింటికి మారిస్తే ఏమీ జరగదు. ఇంకొన్ని సందర్భాల్లో పని అయినట్టే కనిపించి, అసలు అవసరం పడినప్పుడు మొండిచెయ్యి చూపిస్తుంది. ఏది ఏ రకమో తెలుసుకోవడం పెద్ద కష్టమేం కాదు. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ఒక చిన్న మాట: ఈ ఆర్టికల్‌లో ఎక్స్‌టెన్షన్ల పేర్లు తెలుగులో ఉన్నాయి కానీ, కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఎక్స్‌టెన్షన్ అంటే అసలేమిటి?

ఫైల్ పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే అక్షరాలే ఎక్స్‌టెన్షన్. ఫోటో.జేపీజీలో జేపీజీ, రెజ్యూమె.పీడీఎఫ్‌లో పీడీఎఫ్. మీరు ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ ముందు చూసేది ఈ అక్షరాలనే. జేపీజీ ఉంటే ఫొటోస్ యాప్‌కి, డాక్‌ఎక్స్ ఉంటే వర్డ్‌కి ఆ ఫైల్‌ని అప్పగిస్తుంది. మీకు కనిపించే ఐకాన్ కూడా దీన్ని బట్టే వస్తుంది.

అంటే ఇది జాడీ మీద అంటించిన చీటీ లాంటిది. ఆవకాయ జాడీ మీద "మాగాయ" అని చీటీ అంటిస్తే లోపలున్న ఆవకాయ మాగాయ అయిపోదు కదా! ఇక్కడా అంతే. రీనేమ్ చేస్తే చీటీ మారుతుంది. లోపలి సరుకు మారాలంటే కన్వర్ట్ చేయాలి.

ఈ అక్షరాలు ఎక్కువగా మూడే ఎందుకు ఉంటాయనే డౌట్ చాలామందికి వస్తుంది. ఒకప్పటి డాస్‌లో ఫైల్ పేరుకి 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి 3 అక్షరాలు మాత్రమే ఉండేవి. అందుకే జేపీఈజీని జేపీజీగా, హెచ్‌టీఎంఎల్‌ని హెచ్‌టీఎంగా కుదించారు. ఆ పరిమితి ఎప్పుడో పోయింది. అలవాటు మాత్రం మిగిలిపోయింది.

మొదటి పని: ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి

విండోస్‌లో తెలిసిన రకం ఫైల్స్‌కి ఎక్స్‌టెన్షన్ కనిపించకుండా దాచే సెట్టింగ్ ముందే ఆన్ అయి ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఎక్స్‌టెన్షన్ దాగి ఉన్నప్పుడు మీరు "ఫోటో" అనే పేరుని "ఫోటో.జేపీజీ" అని మార్చారనుకోండి. అసలు పేరు ఫోటో.జేపీజీ.హెచ్‌ఈఐసీ అవుతుంది. మీ కంటికి మాత్రం ఫోటో.జేపీజీ అనే కనిపిస్తుంది. అంటే చీటీ కూడా మారలేదన్నమాట!

విండోస్ 11లో: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. పైన "వ్యూ" మీద క్లిక్ చేసి, కింద "షో"లోకి వెళ్లి, "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్"కి టిక్ పెట్టండి.

విండోస్ 10లో: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో "వ్యూ" ట్యాబ్ నొక్కితే "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" పక్కన చిన్న బాక్స్ ఉంటుంది. దానికి టిక్ పెడితే సరి.

మ్యాక్‌లో: ఫైండర్ సెట్టింగ్స్ తెరిచి, "అడ్వాన్స్‌డ్" ట్యాబ్‌లో "షో ఆల్ ఫైల్‌నేమ్ ఎక్స్‌టెన్షన్స్" టిక్ చేయండి.

ఈ టిక్ ఒక్కసారి పెట్టి అలాగే వదిలేయండి. తర్వాత తీసేయాల్సిన పనిలేదు. దీనివల్ల ఇంకో పెద్ద లాభం కూడా ఉంది, అది చివర్లో చెప్పుకుందాం.

ఎక్స్‌టెన్షన్ మార్చడం ఎలా?

1. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకోండి. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొట్టడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఏ ప్రయోగమైనా కాపీ మీదే చేయండి.

2. ఫైల్‌ని సెలెక్ట్ చేసి కీబోర్డ్‌లో ఎఫ్2 నొక్కండి. లేదా రైట్ క్లిక్ చేసి "రీనేమ్" ఎంచుకోండి.

3. విండోస్ చుక్కకి ముందున్న పేరు వరకే సెలెక్ట్ చేస్తుంది. అలాగే టైప్ చేస్తే ఎక్స్‌టెన్షన్ మారదు. కీబోర్డ్‌లో "ఎండ్" కీ నొక్కి కర్సర్‌ని చివరికి తెచ్చుకుని, చుక్క తర్వాతి అక్షరాలు చెరిపేసి కొత్తవి టైప్ చేయండి.

4. ఎంటర్ కొట్టగానే, ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైల్ పనిచేయకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది. "ఎస్" అంటే మారిపోతుంది. మ్యాక్ అయితే పాతది ఉంచాలా, కొత్తది వాడాలా అని అడుగుతుంది.

ఆ హెచ్చరిక చూసి కంగారు పడకండి. రీనేమ్ వల్ల ఫైల్ లోపలి డేటాలో ఒక్క అక్షరం కూడా మారదు. ఏదైనా తేడా కొడితే పాత ఎక్స్‌టెన్షన్ మళ్లీ పెట్టేస్తే ఫైల్ ఎప్పటిలా తెరుచుకుంటుంది. వెంటనే గుర్తొస్తే కంట్రోల్ జెడ్ కొట్టినా చాలు. అందుకే పాత ఎక్స్‌టెన్షన్ ఏమిటో గుర్తుపెట్టుకోవడం ముఖ్యం.

లోపల నిజంగా ఏముందో కనిపెట్టడం

చీటీ మీద నమ్మకం లేనప్పుడు మూత తీసి చూడాలి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే "టైప్ ఆఫ్ ఫైల్" అని ఉంటుంది కానీ, అది కూడా చీటీ చూసి చెప్పేదే. అసలు గుట్టు ఫైల్ మొదట్లో ఉంటుంది. చాలా ఫార్మాట్లు తమ గుర్తుని ఫైల్ మొదటి కొన్ని అక్షరాల్లోనే పెట్టుకుంటాయి.

నోట్‌ప్యాడ్ తెరిచి, ఆ ఫైల్‌ని మౌస్‌తో లాగి అందులో వదలండి. అర్థం కాని గీతలు, గుర్తులు చాలా వస్తాయి. వాటిని పట్టించుకోకుండా మొదటి లైన్ మాత్రమే చూడండి.

పీఎన్‌జీ ఫోటో అయితే మొదట్లోనే పీఎన్‌జీ అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. పీడీఎఫ్ అయితే పర్సెంట్ గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అని ఉంటుంది. జేపీజీలో సాధారణంగా మొదటి లైన్‌లో జేఎఫ్‌ఐఎఫ్ అని గానీ, ఎక్సిఫ్ అని గానీ దొరుకుతుంది. వెబ్‌పీలో ఆర్‌ఐఎఫ్‌ఎఫ్, ఆ తర్వాత వెబ్‌పీ అని ఉంటాయి. ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫోటోలో మొదట్లోనే హెచ్‌ఈఐసీ అక్షరాలు కనిపిస్తాయి.

జిప్ ఫైల్ పీకే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫార్మాట్‌ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు అవి. విండోస్ ప్రోగ్రామ్ అంటే ఈఎక్స్‌ఈ ఫైల్ ఎంజెడ్ అని మొదలవుతుంది. అవి మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలు.

చూడటం అయ్యాక నోట్‌ప్యాడ్‌ని సేవ్ చేయకుండా మూసేయండి. పొరపాటున సేవ్ చేస్తే ఫైల్ నిజంగానే పాడవుతుంది. మరీ పెద్ద వీడియోలతో ఈ ప్రయోగం వద్దు, నోట్‌ప్యాడ్ అక్కడే ఆగిపోవచ్చు.

రీనేమ్ చేస్తే సరిపోయే సందర్భాలు

లోపలి సరుకు ఒకటే, చీటీలు మాత్రం రెండు మూడు రకాలు ఉన్నప్పుడు రీనేమ్ చాలు.

జేపీజీ, జేపీఈజీ, జేఎఫ్‌ఐఎఫ్: బ్రౌజర్‌లో ఫోటో సేవ్ చేస్తే ఒక్కోసారి చివర జేఎఫ్‌ఐఎఫ్ అని వస్తుంది. అది లోపల జేపీజీనే. జేపీజీ అని మార్చేసి నిశ్చింతగా అప్‌లోడ్ చేసుకోవచ్చు.

హెచ్‌టీఎం, హెచ్‌టీఎంఎల్, అలాగే టీఐఎఫ్, టీఐఎఫ్ఎఫ్: ఈ జంటల్లో రెండూ ఒకటే.

మామూలు టెక్స్ట్ ఫైల్స్: టీఎక్స్‌టీ, లాగ్, సీఎస్‌వీ, ఎస్‌ఆర్‌టీ, హెచ్‌టీఎంఎల్ అన్నిటిలోనూ ఉండేది ఉత్త అక్షరాలే. సబ్‌టైటిల్ ఫైల్ టీఎక్స్‌టీగా సేవ్ అయితే ఎస్‌ఆర్‌టీ అని మార్చండి, వీడియో ప్లేయర్ తీసుకుంటుంది. అయితే లోపలి అక్షరాలు ఆ పద్ధతిలో రాసి ఉండాలి. ఎస్‌ఆర్‌టీ అంటే నంబర్లు, టైమింగ్‌లు వరుసగా ఉండాలి. పెళ్లి సామాన్ల జాబితాకి ఎస్‌ఆర్‌టీ అని పెడితే అది సబ్‌టైటిల్ అవ్వదు.

నోట్‌ప్యాడ్‌లో వెబ్ పేజీ కోడ్ నేర్చుకునే స్టూడెంట్స్‌కి ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది. పేజ్.హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేసినా అది పేజ్.హెచ్‌టీఎంఎల్.టీఎక్స్‌టీ అయిపోతుంటుంది. సేవ్ చేసేటప్పుడు "సేవ్ యాజ్ టైప్" దగ్గర "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

డాక్‌ఎక్స్ నుంచి జిప్: ఇది చాలామందికి తెలియని మంచి ట్రిక్. ఆఫీస్ 2007తో వచ్చిన డాక్‌ఎక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, పీపీటీఎక్స్ ఫైల్స్ లోపల నిజానికి జిప్ ఫైల్సే. ఎవరైనా ఫోటోలన్నీ వర్డ్ ఫైల్‌లో పెట్టి పంపారనుకోండి. ఆ ఫైల్‌కి కాపీ తీసి, కాపీకి జిప్ అని ఎక్స్‌టెన్షన్ పెట్టండి. తెరిస్తే "వర్డ్" అనే ఫోల్డర్, దాని లోపల "మీడియా" ఫోల్డర్ కనిపిస్తాయి. ఫోటోలన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కొక్కటీ కాపీ పేస్ట్ చేసుకునే బాధ తప్పుతుంది.

కన్వర్ట్ చేయక తప్పనివి

హెచ్‌ఈఐసీ నుంచి జేపీజీ: ఐఫోన్లలో 2017లో ఐఓఎస్ 11తో ఈ ఫార్మాట్ వచ్చింది. ఫోటో తక్కువ జాగాలో పడుతుంది కానీ, అప్లికేషన్ సైట్లు చాలావరకు దీన్ని తీసుకోవు. మ్యాక్‌లో అయితే ఫోటో మీద రైట్ క్లిక్ చేసి "క్విక్ యాక్షన్స్"లో "కన్వర్ట్ ఇమేజ్" ఎంచుకుంటే చాలు. విండోస్‌లో ఆ ఫోటో పెయింట్‌లో తెరుచుకుంటే "సేవ్ యాజ్"లో జేపీఈజీ ఎంచుకోండి. తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దానికి కావాల్సిన ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. అంత దూరం ఎందుకనుకుంటే ఐఫోన్‌లోనే కెమెరా సెట్టింగ్స్‌కి వెళ్లి, "ఫార్మాట్స్"లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టి ఫోటో మళ్లీ తీసుకోండి. ఇకపై తీసే ఫోటోలన్నీ జేపీజీలోనే వస్తాయి.

పీఎన్‌జీ, వెబ్‌పీ నుంచి జేపీజీ: పెయింట్‌లో తెరిచి "సేవ్ యాజ్"లో జేపీఈజీగా సేవ్ చేయండి. ఇక్కడే అసలు మాయ ఉంది. పీఎన్‌జీకి జేపీజీ అని పేరు మారిస్తే మీ కంప్యూటర్‌లో ఫొటోస్ యాప్ దాన్ని చక్కగా తెరిచేస్తుంది. ఎందుకంటే ఆ యాప్ చీటీని వదిలేసి లోపలి గుర్తు చూస్తుంది. "నా దగ్గర ఓపెన్ అవుతోందిగా, సైట్‌లోనే ఏదో ప్రాబ్లం" అనుకుంటాం. నిజానికి సైట్ కూడా అదే గుర్తు చూసి వెనక్కి పంపుతూ ఉండొచ్చు. కేవలం పేరు చూసే సైట్ అయితే ఫైల్ ఎక్కిపోవచ్చు. అది ఇంకా ప్రమాదం, తర్వాత ఏదో దశలో ఫోటో సరిగ్గా రాకపోతే అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. కాబట్టి మీ కంప్యూటర్‌లో తెరుచుకోవడం ఒక్కటే పరీక్ష అనుకోవద్దు.

ఫోటో నుంచి పీడీఎఫ్: ఫోటో తెరిచి కంట్రోల్ పీ నొక్కండి. ప్రింటర్ దగ్గర "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" ఎంచుకుంటే పీడీఎఫ్‌గా సేవ్ అవుతుంది. మ్యాక్‌లోనూ ప్రింట్ విండోలోనే "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఉంటుంది.

వర్డ్, ఎక్సెల్ ఫైల్స్: వర్డ్ ఫైల్‌కి పీడీఎఫ్ అని పేరు పెడితే పీడీఎఫ్ అవ్వదు. వర్డ్‌లో తెరిచి "సేవ్ యాజ్"లో పీడీఎఫ్ ఎంచుకోవాలి. సీఎస్‌వీకి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని పేరు పెడితే ఫైల్ ఫార్మాట్ గానీ ఎక్స్‌టెన్షన్ గానీ సరైనది కాదంటూ ఎక్సెల్ తెరవడానికే ఒప్పుకోదు. తెలుగు పేర్లున్న షీట్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి. లిస్టులో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని విడిగా ఉంటుంది, అదే ఎంచుకోండి.

ఎంపీ4 నుంచి ఎంపీ3: పేరు మారిస్తే కంప్యూటర్‌లో వీఎల్‌సీ పాట వినిపించవచ్చు. కానీ లోపల వీడియో అలాగే ఉంది, సైజు కూడా తగ్గదు. కారు స్టీరియోలో పెన్ డ్రైవ్ పెడితే అది ప్లే కాకపోవచ్చు. వీఎల్‌సీ మీడియా మెనూలో "కన్వర్ట్ / సేవ్" ఉంది, దాంతో ఎంపీ3గా మార్చుకోండి.

సగం డౌన్‌లోడ్ అయిన ఫైల్: క్రోమ్‌లో డౌన్‌లోడ్ పూర్తికాని ఫైల్‌కి సీఆర్‌డౌన్‌లోడ్ అని ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. దానికి ఎంపీ4 అని పేరు పెట్టినా రాని సగం రాదు. మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందే.

కన్వర్షన్ కోసం గూగుల్‌లో వెతికితే బోలెడు ఉచిత సైట్లు వస్తాయి. సినిమా వాల్‌పేపర్ అయితే ఫర్వాలేదు. ఆధార్, పాన్, మార్కుల మెమో, సంతకం లాంటివి మాత్రం ఊరూపేరూ తెలియని సైట్లలో అప్‌లోడ్ చేయకండి. పైన చెప్పిన పనులన్నీ మీ కంప్యూటర్‌లోనే అయిపోతాయి.

వందల ఫైల్స్ ఒకేసారి మార్చాలంటే

ఒక ఫోల్డర్ నిండా జేఎఫ్‌ఐఎఫ్ ఫోటోలున్నాయి, అన్నిటికీ జేపీజీ పెట్టాలి. ఒక్కొక్కటీ మారుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, పైనున్న అడ్రస్ బార్‌లో సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో ఆర్‌ఈఎన్ అని కొట్టి స్పేస్ ఇవ్వండి. తర్వాత నక్షత్రం గుర్తు, చుక్క, జేఎఫ్‌ఐఎఫ్ వరుసగా, మధ్యలో స్పేస్ లేకుండా కొట్టండి. మళ్లీ స్పేస్ ఇచ్చి నక్షత్రం గుర్తు, చుక్క, జేపీజీ కొట్టి ఎంటర్ నొక్కండి. అన్నీ క్షణంలో మారిపోతాయి.

నల్ల విండో అంటే భయపడేవాళ్లకి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో "పవర్‌రీనేమ్" ఉంది. మ్యాక్‌లో ఫైల్స్ అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేసి "రీనేమ్" అంటే "రీప్లేస్ టెక్స్ట్" వస్తుంది. ఏది వాడినా ముందు రెండు మూడు ఫైల్స్ మీద ట్రై చేసి, తర్వాత మొత్తం ఫోల్డర్ జోలికి వెళ్లండి.

ఇక పీడీఎఫ్ ఎప్పుడూ బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, వేరే యాప్‌లో తెరుచుకోవాలి అనేదే మీ ఇబ్బంది అయితే ఎక్స్‌టెన్షన్ ముట్టుకోనక్కర్లేదు. రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్", ఆ తర్వాత "చూజ్ అనదర్ యాప్"కి వెళ్లి, కావాల్సిన యాప్ ఎంచుకుని "ఆల్వేస్" అంటే సరిపోతుంది.

ఎక్స్‌టెన్షన్‌తో ఆడే మోసాలు

ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే. 2000 మే నెలలో "ఐ లవ్ యూ" అనే వైరస్ ఈ-మెయిళ్ల ద్వారా ప్రపంచమంతా పాకింది. మెయిల్‌కి జోడించిన ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ.వీబీఎస్ అని ఉండేది. విండోస్ చివరి వీబీఎస్‌ని దాచేయడంతో చూసినవాళ్లకి అది మామూలు టెక్స్ట్ ఫైల్‌లా, ప్రేమలేఖలా కనిపించింది. క్లిక్ చేయగానే ప్రోగ్రామ్ రన్ అయింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇన్నేళ్లయినా ఆ ఎత్తు పాతబడలేదు. ఇన్‌వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ లాంటి పేర్లతో, పీడీఎఫ్ ఐకాన్ తగిలించి పంపుతుంటారు. ఎక్స్‌టెన్షన్ కనిపిస్తుంటే చివరి ఈఎక్స్‌ఈ చూడగానే పట్టేయొచ్చు. ఎప్పుడూ చివరి చుక్క తర్వాత ఏముందో అదే లెక్క. ఈఎక్స్‌ఈ, వీబీఎస్, బీఏటీ, ఎస్‌సీఆర్, ఎంఎస్‌ఐ అని ఉంటే అది చదువుకునే డాక్యుమెంట్ కాదు, మీ కంప్యూటర్‌లో రన్ అయ్యే ప్రోగ్రామ్.

ఫోన్‌లో దీనికి జోడీ ఏపీకే. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ ఈ-చలాన్ అనో పేరు పెట్టి ఏపీకే ఫైల్స్ పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మన దగ్గర జరుగుతూనే ఉన్నాయి. శుభలేఖ అంటే ఫోటోనో, వీడియోనో, పీడీఎఫో అయి ఉండాలి. చివర ఏపీకే ఉందంటే అది యాప్. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా ఇన్‌స్టాల్ చేయకండి, వాళ్ల ఫోన్ కూడా అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క విషయం మాత్రం తప్పకుండా చెప్పండి.

మళ్లీ మన అప్లికేషన్ దగ్గరకి వద్దాం

సైట్ ఫోటో తీసుకోనంటే వరుసగా ఇలా చేయండి. ఎక్స్‌టెన్షన్ కనిపించేలా పెట్టి అసలు పేరు చూడండి. జేపీఈజీ లేదా జేఎఫ్‌ఐఎఫ్ అయితే రీనేమ్ చేయండి. హెచ్‌ఈఐసీ, పీఎన్‌జీ, వెబ్‌పీ అయితే కన్వర్ట్ చేయండి. ఇదివరకే ఎవరో పేరు మార్చిన ఫైల్ అనే అనుమానం ఉంటే నోట్‌ప్యాడ్‌లో మొదటి లైన్ చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా తీసుకోకపోతే ఫైల్ సైజు చూసుకోండి. చాలా ఫారాల్లో ఫోటోకి, సంతకానికి ఇన్ని కేబీలు దాటకూడదనే నిబంధన ఉంటుంది. పెయింట్‌లో "రీసైజ్"తో కొలతలు తగ్గించి సేవ్ చేస్తే సైజు కూడా దిగుతుంది.

మొత్తం కలిపినా ఇది 10 నిమిషాల పని. కాకపోతే ఆ 10 నిమిషాలు ఆఖరి రోజు రాత్రి 11:50కి మొదలుపెట్టకుండా, ఫోటో, సంతకం రెండూ ముందే జేపీజీలో రెడీ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ప్రతి అప్లికేషన్‌కీ అవే పనికొస్తాయి.